మూడో వరుస బొటనవేలు

జూలై 1, సోమవారం

సభ మొదలైన రోజే పరువు పోయింది. తలుపు దాటి లోపలికి వెళ్ళి, కుడివైపు తిరిగి, మూడో వరుసలో నడవ పక్క కుర్చీ దాకా నడిచి, దాని మీద చెయ్యి కూడా వేశాను. అందులో ఎవరో ముప్ఫై ఏళ్ళు నిండని కొత్త సభ్యుడు కూర్చుని ఉన్నాడు. మర్యాదగా లేచి నిలబడి, "రండి సార్, మా పార్టీలోకి వచ్చేశారా?" అన్నాడు. వాళ్ళవాళ్ళంతా నవ్వారు. నవ్వనీ. మావాళ్ళు కూడా నవ్వారు, అదీ బాధ.

తొమ్మిదేళ్ళు అధికార పక్షంలో, ఆ కుర్చీలో కూర్చున్న మనిషిని. ఎన్నికల్లో ఓడింది పార్టీ, నేను కాదు. నా సీటు నేను గెలుచుకున్నాను. అయినా అందరితోపాటు ఎడమవైపుకి మారాల్సిందే. అక్కడా నాకు మూడో వరుసే, నడవ పక్కనే ఇచ్చారు. కూర్చుంటే కింద కుర్చీ అలాగే ఉంది, ఎదురుగా ఉన్న మొహాలే మారిపోయాయి.

మూడు కిటికీల గది కూడా పోయింది. ఇప్పుడు ముగ్గురికి కలిపి ఒక గది. నా బల్ల బీరువా తలుపుకి అడ్డం పడింది. ఎవరికి ఏ ఫైలు కావాలన్నా నేను లేచి నిలబడాలి. ఈరోజు పదకొండుసార్లు లేచాను.

పార్టీ విప్‌గా ఉన్నన్నాళ్ళూ నోటుపుస్తకంలో మా సభ్యుల సంగతులు రాసుకునేవాణ్ణి. ఎవరికి జ్వరం, ఎవరు అలిగారు, ఎవరు చెప్పకుండా ఊరెళ్ళారు. ఓటింగ్ రోజున అందరినీ పోగుచెయ్యాలంటే అవన్నీ తెలియాలి. ఇప్పుడు ఎవరి సంగతీ నాకు అక్కర్లేదు. చెయ్యి మాత్రం ఊరుకోవడం లేదు. అందుకని నా సంగతే రాసుకుంటున్నాను. ఎవరికీ చూపించేది కాదు.

జూలై 2

ఈరోజు సరైన వైపే వెళ్ళాను.

జూలై 4, గురువారం

కొత్త విప్ నా దగ్గర ఆరేళ్ళు సహాయకుడిగా పనిచేసినవాడే. పిల్ల విప్ అని పిలిచేవాళ్ళం. ఇప్పుడు "పిల్ల" తీసేసి పిలవాలి కాబోలు, నాకు నోరు తిరగడం లేదు. మా పార్టీ అధినేత, పెద్దాయన, "మీకు కాస్త విశ్రాంతి ఇద్దామని" అన్నాడు. విశ్రాంతి కావాలని నేనెప్పుడు అడిగాను?

పిల్ల విప్ ఓటు ఎటు వెయ్యాలో అందరి ఫోన్లకీ సందేశం పంపుతాడట. మా వెనక వరుసల్లో సగంమందికి కళ్ళజోడు పెట్టుకుంటేనే ఫోన్ కనిపిస్తుంది, కళ్ళజోడు ఎక్కడుందో వాళ్ళ ఇంటివాళ్ళకే తెలుసు. నాకు బొటనవేలు చాలేది. గంట మోగగానే లేచి వేలు పైకెత్తితే మావాళ్ళు పచ్చ బటన్ నొక్కేవాళ్ళు, కిందికి దించితే ఎర్రది. అసలు బిల్లు చదివినవాళ్ళు పదిమంది ఉంటే గొప్ప. ప్రభుత్వం మాదే కాబట్టి ప్రభుత్వ బిల్లుకి పైకి, ప్రతిపక్షం తెచ్చినదానికి కిందికి. ఇందులో బుర్ర పెట్టాల్సిన పని ఏముంది?

వచ్చే మంగళవారం నర్సుల బిల్లు ఓటింగ్. పన్నెండు గంటలకి మించి నర్సు చేత డ్యూటీ చేయించకూడదనే బిల్లు. మూడేళ్ళ కిందట ప్రతిపక్షంలో ఉండి వీళ్ళే తెచ్చారు, నేను వేలు దించాను, పోయింది. ఇప్పుడు ప్రభుత్వంలోకి వచ్చి మళ్ళీ తెచ్చారు. మా పార్టీ మళ్ళీ వద్దంటోంది.

మా అమ్మాయి చిట్టి కూడా నర్సే. అప్పట్నుంచీ నాతో మాట్లాడదు. వాళ్ళమ్మకి ఫోన్ చేస్తుంది, వెనకాల నా గొంతు వినిపిస్తే పెట్టేస్తుంది. అప్పట్లో ఆ బిల్లు కాగితాలు తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళింది కూడా. కూతురు నర్సు అయితే మాత్రం పార్టీ మాట కాదంటామా? ఈ మాటే అప్పుడు తనతో అన్నాను. ఇప్పుడైనా అదే అంటాను. తను ఫోన్ చెయ్యాలని నేనేం ఎదురుచూడటం లేదు.

జూలై 9, మంగళవారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పొద్దున్నుంచీ కొత్త చెప్పులు కరుస్తున్నాయి. సభ మెట్ల దగ్గర ఆగి పట్టీ వదులు చేసుకున్నాను, అయినా లాభం లేకపోయింది. చర్చ మూడు గంటలు నడిచింది. రెండో గంటలో నాకు కునుకు పట్టింది. గంట మోగేసరికి మెలకువ వచ్చి లేచి నిలబడ్డాను. స్పీకర్ నోట "ప్రభుత్వం ప్రవేశపెట్టిన" అన్న ముక్క చెవిన పడింది. చెయ్యి లేచింది. నేను ఎత్తలేదు, అదే లేచింది. బొటనవేలు పైకి.

పిల్ల విప్ ముందు వరుసలో ఉన్నాడు, వాడి వీపే మాకు కనిపిస్తుంది. వెనకాల ఉన్న మా పాతవాళ్ళు ఏడుగురు నా వేలు చూశారు. మావాళ్ళలో పెద్దావిడ టీచరమ్మతో సహా అందరూ పచ్చ నొక్కారు. నేనూ కూర్చుని పచ్చే నొక్కాను. బోర్డు మీద అంకెలు రాగానే ఎదుటివాళ్ళు బల్లలు చరిచారు. నేనూ చరిచాను. రెండుసార్లు చరిచాక గానీ నేను ఎటువైపు కూర్చున్నానో గుర్తు రాలేదు.

తప్పు బటన్ నొక్కినవాళ్ళు ఫలితం ప్రకటించేలోపు చీటీ రాసిచ్చి దిద్దుకోవచ్చు. మాకు చీటీ సంగతి తోచేసరికి స్పీకర్ ప్రకటించేశాడు. ప్రభుత్వ కూటమిలో ఒక పార్టీ ఈ బిల్లు మీద అలిగి బయటికి వెళ్ళిపోయింది కాబట్టి నిజానికి ఇది ఓడిపోవాల్సిన బిల్లు. మా ఎనిమిదిమంది పుణ్యమా అని నాలుగు ఓట్లతో గెలిచింది.

పిల్ల విప్ వెనక్కి తిరిగి నన్ను చూశాడు. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

జూలై 10, బుధవారం

పేపర్లలో నా ఫోటో. వేలు పైకెత్తి ఉన్నది. "అంతరాత్మ గెలిచింది" అని ఒకడు. "కూతురి కోసం పార్టీని కాదన్న తండ్రి" అని ఇంకొకడు. వీడికి మా ఇంటి సంగతి ఎవరు చెప్పారు?

పెద్దాయన ఫోన్‌లో ఒక్కటే అడిగాడు, "అవతలివాళ్ళు ఏం ఆశపెట్టారు?" అని. అలవాటులో పొరపాటు జరిగిందన్నాను. "నన్ను చూస్తే చిన్నపిల్లాడిలా కనిపిస్తున్నానా?" అని పెట్టేశాడు. మధ్యాహ్నానికి నోటీసు వచ్చింది. పార్టీ ఆదేశం ధిక్కరించినందుకు సభ్యత్వం ఎందుకు రద్దు చేయించకూడదో చెప్పుకోవాలట.

మా ఆవిడ పేపరు మడిచిపెట్టి, "ఇంతకీ కావాలనే చేశారా?" అంది.

"లేదు. అలవాటు."

"బయట ఆ మాట అనకండి. నవ్వుతారు."

నాలుగు గంటలకి ఫోన్ మోగింది. చిట్టి పేరు. వాళ్ళమ్మకి చెయ్యబోయి నాకు చేసిందనుకున్నాను.

"నాన్నా" అంది.

మూడేళ్ళయింది ఆ మాట విని.

"వార్డులో టీవీ ముందు అందరం నిలబడి ఉన్నాం. నువ్వు లేవగానే నేను తల తిప్పేసుకున్నా. ఎలాగూ దించుతావు కదా అని. పక్కనున్న అక్క నా భుజం పట్టుకుని ఇటు తిప్పింది, చూడవే మీ నాన్నని అంటూ." ముక్కు తుడుచుకున్న చప్పుడు వినిపించింది. "ఆదివారం ఇంటికొస్తా. ఉంటావా?"

ఊఁ అన్నాను. ఊఁ అనడం అబద్ధమేమీ కాదు.

జూలై 14, ఆదివారం

వచ్చింది. చిక్కిపోయింది. వాళ్ళమ్మ వడ్డిస్తుంటే వద్దనకుండా తింది. నాకెదురుగా కూర్చుంది.

"ఎప్పుడు అనుకున్నావ్ నాన్నా, అలా చెయ్యాలని?"

"చాలా రోజుల్నుంచీ మనసులో తిరుగుతూనే ఉంది" అన్నాను. ఎక్కడా తడబడకుండా వచ్చింది మాట. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి నన్నే చూసింది. నేను అటు చూడలేదు.

"భయం వెయ్యలేదా?"

"వేసింది. కానీ ఇంకెప్పుడు చేస్తాను అనిపించింది."

చిట్టి నా చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. దాని చేతులు గరుగ్గా ఉన్నాయి, మందు వాసన. రోజుకి వందసార్లు కడుక్కోవాలట. ఆ చెయ్యి వెనక్కి తీసుకుంటుందేమోనని కదలకుండా కూర్చున్నాను. ఇంత సంతోషం నాకు ఎన్నికల్లో గెలిచినప్పుడు కూడా కలగలేదు.

జూలై 15

ఆలోచించి చూస్తే నిజంగా అలవాటేనా అని నాకే అనుమానం వస్తోంది. మనిషి లోపల ఏం జరుగుతుందో మనిషికి పూర్తిగా ఎక్కడ తెలుస్తుంది? తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా తప్పు చూపించని వేలు సరిగ్గా ఆ బిల్లుకే ఎందుకు తప్పింది? ఆ రోజు మెట్ల దగ్గర ఒక నిమిషం ఆగాను. చెప్పు సరిచేసుకోవడానికే ఆగానని ఇన్నాళ్ళూ అనుకుంటున్నాను. అక్కడే ఏదో నిర్ణయానికి వచ్చి ఉంటాను.

తొమ్మిదో తేదీ పేజీ మళ్ళీ చూడలేదు. చూడాల్సిన అవసరం ఏమీ లేదు.

జూలై 16, మంగళవారం

కారిడార్‌లో ఒక విలేకరి ఆపాడు. "ఆలోచించే చేశాను" అన్నాను. బాగుంది, అనడానికి.

చిట్టి రెండుసార్లు ఫోన్ చేసింది.

జూలై 17, బుధవారం

టీచరమ్మ మా గదికి వచ్చింది. ముప్ఫై ఏళ్ళు బడి నడిపి, నాలుగుసార్లు గెలిచిన మనిషి. నాకన్నా ఆరేళ్ళు పెద్దది. మంత్రులు కూడా ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడతారు. నా బల్ల ముందున్న కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక కాగితం నా ముందు పెట్టింది.

"నోటీసు. మా ఏడుగురికీ వచ్చింది. కుట్ర అంట."

"కుట్రేంటి టీచరమ్మా?"

"నిన్న నువ్వు చెప్పావటగా, ఆలోచించే చేశానని. ఒకడు చేస్తే ఆలోచన, ఎనిమిదిమంది చేస్తే కుట్ర. ఎనిమిదిమందినీ సభ నుంచి తీయించేస్తారట." కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నీ వేలు చూసి నొక్కానని చెబితే బుర్రలేనిదాన్ని అవుతాను. ఫర్వాలేదు, ఆ పూటకి అది నిజమే. కానీ నిజమేంటో నాకు చెప్పు. అలవాటా, ఆలోచనా?"

బీరువా వైపు చూశాను. "ఆలోచనే."

తిడుతుందని చూశాను. తిట్టలేదు.

"మరి ముందు రోజు ఒక్క మాట చెప్పాల్సింది కదయ్యా. నన్ను కూడా ఆలోచించుకోనిచ్చేవాడివి" అంది. లేచి కుర్చీ ఎక్కడిదక్కడ సర్ది వెళ్ళిపోయింది.

జూలై 18

ఆకలి లేదు. 

తొమ్మిదో తేదీ పేజీ తీశాను. చెప్పులు కరుస్తున్నాయని ఉంది. కునుకు పట్టిందని ఉంది. బల్ల చరిచానని ఉంది. రాత నాదే.

జూలై 19, శుక్రవారం

క్రమశిక్షణ సంఘం ముందు కూర్చున్నాను. ముగ్గురు పెద్దలు, పక్కన ఫైలు పట్టుకుని పిల్ల విప్. గదిలో గడియారం పావుగంట వెనకుంది. వాళ్ళు అడగకముందే చెప్పేశాను.

"నేనేమీ ఆలోచించలేదు. నిద్రమత్తులో ఉన్నాను. ప్రభుత్వ బిల్లు అని వినబడింది, వేలు లేచింది. మనం ప్రభుత్వంలో లేమన్న సంగతి గుర్తు లేదు. మిగతా ఏడుగురు నన్ను నమ్మి నొక్కారు. వాళ్ళ తప్పేం లేదు."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు సంఘం అధ్యక్షుడికి నవ్వొచ్చింది. ఆపుకోబోయాడు, కుదర్లేదు. ఆ తర్వాత ముగ్గురూ నవ్వారు, కళ్ళు తుడుచుకుని మరీ. "ఎదుటివాళ్ళతో కలిసి బల్ల కూడా చరిచారటగా?" అన్నాడు ఒకాయన. చరిచానన్నాను. మళ్ళీ నవ్వారు. నాకు ఒళ్ళంతా మంట పుట్టింది. ఎనిమిదిమందిని సాగనంపితే పార్టీకే నష్టమని వాళ్ళకీ తెలుసు, నమ్మడానికి వాళ్ళకొక దారి కావాలి. రాసివ్వమన్నారు. రాసిచ్చాను. ఏడుగురి మీదా నోటీసులు వెనక్కి తీసుకున్నారు. నాకు మందలింపు, ఇకమీదట ఓటింగ్ అప్పుడు చేతులు బల్ల కింద పెట్టుకోవాలని ఒక షరతు. సరదాకి అన్నారేమో అనుకున్నాను, కాగితం మీద ఎక్కించారు.

బయటికొచ్చాక పిల్ల విప్ నా వెంటే నడిచాడు. "రేపు పేపర్లో వస్తుంది సార్. ఇంట్లో ముందే చెప్పుకోండి" అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు.

అక్కణ్ణుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్ళాను. చిట్టికి పది నిమిషాల విరామం. మందుల గది బయట బల్ల మీద కూర్చున్నాం. అటువైపు వెళ్ళే నర్సులంతా నాకు నమస్కారం పెడుతున్నారు. ఒకామె ఆగి, "మీ చేతికి దణ్ణం సార్" అంది. చిట్టి నవ్వుతోంది. ఆ నవ్వు చూస్తూ చెప్పాల్సి వచ్చింది.

అంతా విన్నాక గోడకి చేరగిలబడింది.

"అయితే నిద్రలో ఎత్తావా?"

"ఊఁ."

"ఆదివారం చెప్పిందంతా?"

"నువ్వు ఫోన్ చేశావు కదమ్మా. నాన్నా అన్నావు. ఆ తర్వాత చెప్పలేకపోయాను."

ఒక చక్రాల కుర్చీ పోయేదాకా ఆగింది. "మూడేళ్ళ కిందట దించావు కదా. అదైనా చదివే దించావా?"

"లేదు."

"ఇప్పుడు?"

మూడేళ్ళలో నేను ఆ బిల్లు చదవలేదు. గెలిపించాక కూడా చదవలేదు. అది నాకు అక్కడ, ఆ బల్ల మీద కూర్చున్నాకే తెలిసింది.

"లేదు" అన్నాను.

కోప్పడుతుందనుకున్నాను. కోప్పడి ఉంటే బాగుండేది. "చదువు నాన్నా" అని లేచి లోపలికి వెళ్ళిపోయింది.

జూలై 20, శనివారం

పేపర్లో అదే ఫోటో. కింద రాసింది మాత్రం వేరు. చదవలేదు.

బిల్లు చదివాను. పద్నాలుగు పేజీలు. అరగంట పట్టింది. చివర ఒక జాబితా ఉంది. నర్సులు మితిమీరి డ్యూటీ చెయ్యడం వల్ల జరిగిన పొరపాట్లు, తొమ్మిది. పేర్లు లేవు, తేదీలు, ఆసుపత్రులు మాత్రమే ఉన్నాయి. ఆరోది చిట్టి పనిచేసే ఆసుపత్రి. పిల్లల వార్డు. పందొమ్మిదో గంట డ్యూటీలో ఉన్న నర్సు ఒకే మందు రెండుసార్లు ఇచ్చింది. నాలుగేళ్ళ పాప. పదకొండు రోజుల తర్వాత కోలుకుంది.

ఆ తేదీ నాకు గుర్తుంది. మా పెళ్ళిరోజుకి మర్నాడు. చిట్టి ఆ రోజు ఇంటికొచ్చి రెండు రోజులు గోడవైపు తిరిగి పడుకుంది. నేను గుమ్మంలోంచే జలుబా అని అడిగాను. ఊఁ అంది. కారు ఎక్కి సభకి వెళ్ళిపోయాను. నెల తర్వాత ఆ బిల్లు కాగితాలు నా బల్ల మీద పెట్టింది.

మా ఆవిడని అడిగాను. "ఆ పేజీ తెరిచిపెట్టి మరీ వెళ్ళింది" అంది. "నీకు తెలుసా?" అంటే, "చెప్పొద్దంది. చదివితే నాన్నకే తెలుస్తుంది కదమ్మా అంది" అంది.

తలుపేసుకుని ఏడ్చాను. చిన్నప్పుడు జ్వరం వస్తే దానికి మాత్ర నేనే పొడి చేసి పట్టేవాణ్ణి.

జూలై 22, సోమవారం

ఎగువ సభ ఒక చిన్న మార్పు చేసి బిల్లుని మాకు తిప్పి పంపింది. గురువారం మళ్ళీ ఓటింగ్. వ్యతిరేకంగా వెయ్యాలని పార్టీ ఆదేశం ఇచ్చింది. ధిక్కరిస్తే సభ్యత్వం పోతుంది.

ఆ కాగితం పిల్ల విప్ నా చేతికే తెచ్చి ఇచ్చాడు. "ఈసారి అలవాటు అంటే కుదరదు సార్" అన్నాడు.

జూలై 23

గురువారం పచ్చే నొక్కుతానని మా ఆవిడకి చెప్పాను. సీటు పోతే నెలలోపు సభ్యులకిచ్చే ఈ ఇల్లు ఖాళీ చెయ్యాలన్నాను. ఆరిన బట్టలు మడత పెడుతోంది. ఆపలేదు.

"ఈ ఇంట్లో కుళాయి ఏనాడు సరిగ్గా వచ్చింది గనక" అంది.

జూలై 24, బుధవారం

పొద్దున్నుంచీ గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాను. వేలు ఎత్తితే ఆ ఏడుగురూ నొక్కుతారు. నాకు తెలుసు. బిల్లు గెలుస్తుంది. వాళ్ళ సీట్లు పోతాయి, అదీ వాళ్ళని అడగకుండా. ఎత్తకపోతే ఓడిపోతుంది. ఇన్నేళ్ళూ ఎంతమంది వేళ్ళతో నేను బటన్లు నొక్కించానో. ఒక్కసారి కూడా ఇలా ఆగి ఆలోచించలేదు.

మధ్యాహ్నం బిల్లుకి ఏడు ప్రతులు తీయించి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళాను. "రేపు నేను పచ్చ నొక్కుతున్నాను. వేలు చూపించను. ఇది చదవండి, చివరి జాబితా తప్పకుండా చదవండి, ఆ తర్వాత మీ ఇష్టం" అన్నాను. ఒకాయన మళ్ళీ నిద్రపోతావా ఏంటి అని ఆటపట్టించాడు. ఒకాయన తీసుకోలేదు.

టీచరమ్మ తీసుకుంది. "ఆరోది మా అమ్మాయి" అని ఆమెకి ఒక్కదానికే చెప్పాను. కళ్ళజోడు పెట్టుకుని చివరి పేజీ తీసింది. నేను వచ్చేశాను.

జూలై 25, గురువారం

గంట మోగింది. నేను లేవలేదు. చేతులు బల్ల కింద పెట్టుకున్నాను. వెనక నుంచి చూపులు నా మెడ మీద ఉన్నట్టే అనిపించింది. తిరిగి చూశాను. ఏడుగురూ నన్నే చూస్తున్నారు, కాగితం తీసుకోనాయనతో సహా. టీచరమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఉంది.

కుడిచెయ్యి మోకాళ్ళ మధ్య బిగించి పట్టుకున్నాను. ఎత్తాలని అది ఎంత గుంజిందో నాకే తెలుసు. ఎడమచేత్తో పచ్చ నొక్కాను.

పది ఓట్లతో ఓడిపోయింది. ఆ ఏడుగురూ ఇటు వచ్చి ఉంటే కిందటిసారిలాగే నాలుగుతో గెలిచేది. మావైపు బోర్డులో ఒకే ఒక్క పచ్చ దీపం.

బయట టీచరమ్మ స్తంభం పక్కన నిలబడి ఉంది. నా కోసమే ఆగింది.

"రెండుసార్లు చదివానయ్యా" అంది. "పచ్చ బటన్ మీద వేలు పెట్టాను కూడా. నువ్వు చెయ్యెత్తుతావేమోనని చూశాను. ఎత్తలేదు." కళ్ళజోడు తీసింది. "ఒక్కదాన్నే నొక్కడానికి ధైర్యం చాల్లేదు."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. బడిలో ముప్ఫై ఏళ్ళు పిల్లల చేత తప్పులు ఒప్పించిన మనిషి, ఎండలో నిలబడి నా ముందు కళ్ళు తుడుచుకుంది.

నాలుగున్నరకి చిట్టి ఫోన్ చేసింది.

"చెయ్యి ఎందుకెత్తలేదు నాన్నా?"

"ఎత్తితే వాళ్ళ సీట్లు పోయేవి."

"బిల్లు గెలిచేది."

"గెలిచేది."

వెనకాల ఎవరో దాని పేరు పిలుస్తున్నారు.

"ఆరోది చదివావా?"

"చదివానమ్మా. ఆ రోజు లోపలికి వచ్చి నీ పక్కన కూర్చోవాల్సింది."

ఊఁ అంది. "నీ సీటు?"

"పోయినట్టే. సాయంత్రానికి కాగితం వస్తుంది."

"సరే. ఐదింటికి డ్యూటీ ఎక్కాలి. మనుషులు తక్కువున్నారు, రేపు సాయంత్రం ఐదింటికి దిగుతా."

"గేటు దగ్గర ఉంటాను" అన్నాను.

"కారు ఉండదుగా నీకు?"

"బస్సులో వస్తాను."

జూలై 26, శుక్రవారం

ఐదింటికి ముందే గేటు దగ్గరున్నాను. ఆరున్నరకి వచ్చింది. సంచి నా చేతికిచ్చింది. బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. రెండో స్టాపు రాకముందే నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. నోరు కాస్త తెరుచుకుని, చిన్నప్పట్లాగే.

మా స్టాపు వచ్చింది. కండక్టర్ నావైపు చూశాడు. పోనివ్వమని తల ఊపాను. చివరి స్టాపు దాకా వెళ్ళి, మళ్ళీ టికెట్లు తీసుకుని, అదే బస్సులో వెనక్కి వచ్చాం. మధ్యలో లేపలేదు.